కాకులగుట్టకు కన్నెస్వామి

దీపావళి టపాకాయల కాగితాలు ఇంకా వీధిలో ఎగురుతూనే ఉన్నాయి. ఆ రోజు తెల్లవారుజామున హేమంత్ పళ్ళు తోముకుంటూ ఒక ఘనమైన పథకం వేసుకున్నాడు. ఇవాళ్టి నుంచి సిగరెట్టు బంద్. కోడికూర బంద్. చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, పొద్దున్నే నడక. పెళ్ళి కూడా కాని కుర్రవాడికి అంత వైరాగ్యం ఎందుకు పుట్టిందయ్యా అంటే, కాకులగుట్ట ఎక్కడానికి.

రెండువేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లన్నీ తారీఖు తెలియక తికమకపడి ప్రపంచాన్ని ముంచేస్తాయని పెద్దపెద్దవాళ్ళు బెంగపెట్టుకున్న రోజులవి. ఆ బెంగ తీర్చే కంపెనీ ఒకటి హైటెక్ సిటీలో వెలిసింది. మన హేమంత్ అందులో ప్రోగ్రామరు. పగలూ రాత్రీ పని చేయించి చేయించి మేనేజర్లకే జాలేసిందో ఏమో, డిసెంబరు మొదటి శనివారం రాత్రి అందరినీ కొండ ఎక్కిస్తామనీ, ఆదివారం సూర్యోదయం శిఖరం మీద చూపిస్తామనీ ప్రకటించారు. సురేంద్ర అనే గైడు ఆఫీసుకొచ్చి తలా ఒక నల్ల ట్రాక్‌సూటు, నల్లతాడుకు కట్టిన విజిలు పంచిపెట్టాడు. విజిలు ఇప్పటినుంచే మెడలో ఉంచుకుని అలవాటు చేసుకోమనీ, దారి తప్పితే ఊదమనీ చెప్పాడు. ఆయన నోట అది ‘సమ్మిట్’. వికారాబాదు అవతల ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు మాత్రం వట్టి గుట్టే. రోజూ మేకలు తోలుకుపోతారు.

హేమంత్‌కు కొండలంటే ప్రేమేమీ లేదు. భీమవరం వాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ ఊళ్ళో అతను ఎక్కిన ఎత్తు రైలు స్టేషన్లో వంతెన ఒక్కటే. అతని ప్రేమంతా పక్క సీటులో కూర్చునే తేజస్విని మీద. కర్నూలు పిల్ల, మాట సూటిగా ఉంటుంది. కొన్ని నెలలుగా ఆమెతో ఒక మాట చెప్పాలని గొంతుదాకా తెచ్చుకోవడం, క్యాంటీను కాఫీతో కలిపి మింగేయడం, ఇదే అతని పని. చివరికి ఆ పిల్లకే విసుగొచ్చింది.

"చూడు హేమంత్, నువ్వేదో చెప్పాలనుకుంటున్నావు. ఇక్కడ మాత్రం చెప్పొద్దు. ఈ ఆఫీసులో గోడలు మెడదాకే ఉన్నాయి. కొండ మీద చెప్పు."

"కొండ మీదంటే... పైనేనా?"

"పైనే. ఆ తర్వాతి ఆదివారం కర్నూల్లో నాకు పెళ్ళిచూపులు. ఆలోగా ఎవరైనా ఏదైనా చెబితే నాన్నతో మాట్లాడతా. చెప్పకపోతే ఇంక అంతే."

ఇంతకంటే విడమరిచి ఏ ఆడపిల్ల చెబుతుంది? హేమంత్ ఆ రాత్రి అద్దం ముందు నిలబడి తన పొట్టను చూసుకున్నాడు. ఈ పొట్టతో శిఖరం చేరడం కల్ల. చేరకపోతే మాట లేదు. మాట లేకపోతే తేజస్విని లేదు. అందుకే ఆ తెల్లవారుజాము పథకం.

అతను ఉండేది కూకట్‌పల్లి హౌసింగ్‌బోర్డు కాలనీలో, పట్టాభిరామయ్యగారి మేడమీది గదిలో. పట్టాభిరామయ్యగారిది కృష్ణాజిల్లా. ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటు, ఇంట్లో నీళ్ళకు సూపరింటెండెంటు. మేడమీద బకెట్టు నిండుతున్న చప్పుడైతే చాలు, కింద నుంచి కేక వినబడేది. "ఏమయ్యా, ఇవి మంజీరా నీళ్ళనుకున్నావా, మీ గోదావరి అనుకున్నావా?" ఏటా కార్తీకం రాగానే ఆయన మాత్రం మారిపోతాడు. అయ్యప్ప మాల వేసుకుని, నల్లబట్టలు కట్టుకుని, కాలనీ స్వాములందరికీ గురుస్వామి అవుతాడు. నీళ్ళ కేకలు కూడా కాస్త తగ్గుతాయి.

హేమంత్ సాధన మొదలైంది. సురేంద్ర చెప్పినదంతా అక్షరాలా పాటించాడు. తెల్లారకముందే చన్నీళ్ళు కుమ్మరించుకునేవాడు. రాళ్ళ మీద పడుకోవాల్సి వస్తుందట కదా అని పరుపు చుట్టేసి చాప మీద పడుకున్నాడు. కొండలెక్కేవాళ్ళ ఫొటోలన్నిటిలోనూ గడ్డాలున్నాయి కాబట్టి గడ్డం పెంచాడు. కోఠీలో కొన్న కొత్త బూట్లు మొదటిరోజే మడమలు కొరికేస్తే వాటిని మూలపడేసి ఉత్తకాళ్ళతో నడిచాడు. బరువు మోయడం అలవాటు కావాలని వీపుసంచిలో ఇటుకలు నింపితే పట్టీ తెగింది. సరేనని సంచిని నెత్తిన పెట్టుకుని మెట్లెక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం.

తులసికోట దగ్గర దీపం పెడుతున్న ఇంటావిడ పుణ్యవతిగారు ఇదంతా చూసింది. నల్లబట్టలు, గడ్డం, ఉత్తకాళ్ళు, నెత్తిన మూట. మెట్లు కూడా లెక్కపెట్టింది. పదహారే వచ్చాయి. శబరిమల పద్దెనిమిదికి తక్కువైన రెండూ భక్తితో తనే కలుపుకుంది.

"ఏవండీ! మన మేడమీది అబ్బాయి మాల వేసుకున్నాడండీ!"

"ఎవడు, ఆ బకెట్లవాడా?"

"తప్పండీ, వాడూ వీడూ అనకూడదు. స్వామి."

పట్టాభిరామయ్యగారు నమ్మకం చాలక స్వయంగా మేడెక్కాడు. గదిలో సిగరెట్టు వాసన లేదు. పరుపు లేదు, చాప ఉంది. కుర్రవాడి మెడలోంచి నల్లతాడు చొక్కాలోకి దిగి కనబడుతోంది. ఆయన కళ్ళు చెమర్చాయి. వంగి హేమంత్ కాళ్ళకు దండం పెట్టాడు.

"స్వామి శరణం. ఎక్కడ వేయించుకున్నారు స్వామీ?"

హేమంత్ బిత్తరపోయాడు. ఆయన వేలు తన మెడవైపు చూపిస్తుండటంతో విజిలు సంగతి అడుగుతున్నాడనుకున్నాడు. "ఆఫీసులో వేశారండీ. అందరికీ వేశారు."

"హైటెక్ సిటీలో కూడానా! ఎంత మంచికాలం వచ్చింది స్వామీ!"

అప్పటికి విషయం కొంచెం కొంచెంగా హేమంత్ బుర్రకెక్కింది. అయ్యో, అది కాదండీ బాబాయిగారూ అనబోయాడు. సరిగ్గా అప్పుడే పుణ్యవతిగారు అరిటాకులో పులిహోర, చక్కెర పొంగలి పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నెయ్యి ఆకు చివరిదాకా పాకి ఉంది. సాంబారులో ముక్క కోసం గాలించాల్సిన మెస్సు భోజనం తప్ప ఇంకోటి ఎరగని ప్రాణం అది. తిన్నాక చెబుదాం అనుకున్నాడు. తిన్నాక కళ్ళు మూతలు పడ్డాయి. రేపు చెబుదాం అనుకున్నాడు.

ఆ రేపు ఇంక రాలేదు. మర్నాడు ఎదురింటివాళ్ళు భిక్షకు పిలిచారు. దీక్షలో ఉన్నవాళ్ళకు భోజనం పెడితే పుణ్యం కదా, అందులోనూ మొదటిసారి మాల వేసుకున్న కన్నెస్వామికి పెడితే మరీ పుణ్యం. కాలనీ మొత్తానికి ఆ ఏడు దొరికిన ఒకే ఒక్క కన్నెస్వామి హేమంత్. ఇంక చెప్పాలా? ఇవాళ వీళ్ళింట్లో పప్పూ గారెలూ, రేపు వాళ్ళింట్లో బొబ్బట్లు. "ఇంకొక్కటి స్వామీ, మా తృప్తి కోసం." వాళ్ళ తృప్తి అంతా హేమంత్ నడుం చుట్టూ చేరింది. పొద్దున నడకకు బయల్దేరితే ఎవరో ఒకరు పూజకు తీసుకుపోయేవారు. సాయంత్రాలు భజన. ట్రాక్‌సూటు నాడా మొదట్లో ముడి వేసేవాడు, తర్వాత వదులుగా వేశాడు, ఆ తర్వాత వేయడమే మానేశాడు.

రాత్రి చాప మీద పడుకున్నాక మాత్రం "దేవుడి పేరు చెప్పుకుని తింటున్నాను, కళ్ళు పోతాయి" అని లెంపలు వేసుకునేవాడు. తెల్లారి చెప్పేద్దామని గట్టిగా తీర్మానించుకునేవాడు. తెల్లారేసరికి కింద నేతిలో జీడిపప్పు వేగుతున్న వాసన వచ్చేది.

బాలానగర్‌లో లేతు మెషీన్ల షెడ్డు నడిపే రామన్న కూడా ఆ బృందంలో స్వామే. హేమంత్ వాలకం ఆయనకొక్కడికే కొంచెం తేడాగా తోచింది. "ఏంది స్వామీ, దీక్షల మేమంత సన్నబడుతున్నం, నువ్వు గిట్ల ఉబ్బుతున్నవ్?" అని అడిగాడు ఒకరోజు భజనలో. హేమంత్ కళ్ళు మూసుకుని గట్టిగా శరణుఘోష చెప్పాడు.

బయల్దేరే రోజు దగ్గరపడింది. మేడమీది గదికి ఫోను లేదు. అందుకని హేమంత్ అందరికీ కింది వాటా నంబరే ఇచ్చేవాడు. ఆ సాయంత్రం సురేంద్ర ఫోను చేస్తే పుణ్యవతిగారు తీసింది.

"హేమంత్‌కు చెప్పండి మేడం. శనివారం సాయంత్రం కొండకు పోతున్నాం. బస్సు హౌసింగ్‌బోర్డు స్టాపు దగ్గరికే వస్తది. మూట బరువు ఎక్కువ కావొద్దు. లేడీస్ కూడా వస్తున్నరు గనక ఎవ్వరూ తాగి రావొద్దని మరీ మరీ చెప్పండి."

పుణ్యవతిగారు రిసీవరు ఠక్కున పెట్టేసి మొగుడి దగ్గరికి పరుగెత్తింది. "స్వాములకు తాగి రావొద్దని చెప్పాల్సొచ్చిందంటే ఆయనేం గురుస్వామండీ? పైగా నలభై ఒక్క రోజుల మండలం నిండకుండానే కొండకట!"

పట్టాభిరామయ్యగారికి మిన్ను విరిగి మీద పడ్డట్టయింది. తన కాలనీలో, తన ఇంట్లో, తను వడ్డించి పెంచుకున్న కన్నెస్వామిని హైటెక్ సిటీ నుంచి ఎవడో దొంగ గురుస్వామి బస్సెక్కించుకుపోవడమా! రామన్నను వెంటబెట్టుకుని మేడెక్కాడు.

"ఎవరా సురేంద్ర? ఆయన ఎన్నిసార్లు కొండకు వెళ్ళాడు?"

"చాలాసార్లండీ. అదే ఆయన ఉద్యోగం."

"ఉద్యోగమా! శివశివా!"

ఇక దాచి లాభం లేదని హేమంత్ సగం నిజం కక్కాడు. "బాబాయిగారూ, అది శబరిమల కాదండీ. కాకులగుట్టని, ఇక్కడే వికారాబాదు అవతల. ఆఫీసువాళ్ళందరం రాత్రికి ఎక్కి పొద్దున్నే దిగిపోతాం. ఊరికే... ఎక్కడం అలవాటవుతుందని."

మిగతా సగం కూడా ఆ ఊపులోనే కక్కేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. పట్టాభిరామయ్యగారు ఆ అవకాశం ఇవ్వలేదు. ఆయన ముఖం మతాబులా వెలిగింది.

"పెద్ద కొండకు ముందు చిన్న కొండ మీద సాధన! ఇన్నేళ్ళుగా వెళ్తున్నాను, నాకే తట్టలేదు చూడు రామన్నా! కానీ స్వామీ, ఆడవాళ్ళు కూడా ఉన్న చోటికి దీక్షలో ఉన్న కన్నెస్వామిని రాత్రిపూట ఒంటరిగా పంపిస్తే నేనేం గురుస్వామిని? మేమూ వస్తాం."

"బస్సులో సీట్లుండవేమోనండీ..."

పట్టాభిరామయ్యగారు అప్పటికే ఫోను దగ్గరికి దిగిపోయాడు. సీట్లు ఉన్నాయి. ఆఫీసులో సగంమంది పని తెమలక ఆగిపోయారట. మనుషులు తగ్గిపోయారని దిగులుగా ఉన్న సురేంద్ర "రండి సార్, ఎందరొస్తే అంత మంచిది" అన్నాడు.

శనివారం సాయంత్రం నల్ల ట్రాక్‌సూట్లతో నిండిన బస్సులోకి నల్లపంచెల స్వాములు ఎక్కారు. వీళ్ళకూ వాళ్ళకూ పెద్ద తేడా కనబడలేదు. డ్రైవరు అద్దం మీద వేలాడుతున్న నిమ్మకాయను సర్ది, అందరికీ కలిపి ఒక దండం పెట్టాడు. వికారాబాదు దాటేదాకా రామన్న భజన చెబుతుంటే కంపెనీ మొత్తం చప్పట్లు కొట్టింది. హేమంత్ మాత్రం పట్టాభిరామయ్యగారికీ రామన్నకూ మధ్య ఇరుక్కుని, ముందు సీటులో ఊగుతున్న తేజస్విని జడను చూస్తూ కూర్చున్నాడు. ఒకసారి బిస్కెట్లిచ్చే నెపంతో లేచాడు.

"ఎక్కడికి స్వామీ?" అన్నాడు పట్టాభిరామయ్యగారు.

"ఎక్కడికీ లేదండీ" అని కూర్చుని, ఆ బిస్కెట్లు తనే తిన్నాడు.

ఆ రాత్రి గుట్ట కిందే కాసేపు నడుం వాల్చి, తెల్లవారుజామున చీకటి ఉండగానే నడక మొదలుపెట్టారు. ఉత్తకాళ్ళతో ఎక్కొద్దని సురేంద్ర మొత్తుకుంటుండగానే పట్టాభిరామయ్యగారు మేకలా ఎక్కిపోయాడు. హేమంత్ కాసేపు బాగానే నడిచాడు. తర్వాత పులిహోర అడ్డొచ్చింది. ఆ తర్వాత బొబ్బట్లు. సగం గుట్టకు చేరేసరికి కాలనీ కాలనీ అంతా తన పొట్టలో కూర్చుని కిందికి లాగుతున్నట్టుంది. పిక్క పట్టేసింది. కుయ్యోమని ఒక బండ మీద చతికిలబడ్డాడు.

తేజస్విని వెనక్కి వచ్చింది. "లే హేమంత్. ఇంకా సగమే ఉంది."

"లేస్తున్నా. లేస్తున్నా." లేవలేదు.

"ఇన్నాళ్ళూ ప్రాక్టీసు చేస్తున్నానన్నావు కదా?"

హేమంత్‌కు ఏడుపొచ్చినంత పనైంది. ఏమని చెబుతాడు? గారెలు ప్రాక్టీసు చేశాననా? తూర్పు తెల్లబడుతోంది. పైనుంచి సురేంద్ర తొందరపెడుతున్నాడు. తేజస్విని ఒక్క క్షణం అతని వంక చూసి, "నేను పైన ఉంటా. వచ్చేసెయ్" అని వెళ్ళిపోయింది. రామన్న ఉండిపోయి పిక్క మర్దన చేశాడు. హేమంత్ పట్టుపట్టి రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ కూలబడ్డాడు. సూర్యుడు ఎవరికోసమూ ఆగకుండా గుట్ట అవతలివైపు ఉదయించాడు. ఇటువైపు హేమంత్‌కు కనబడినవి మేకలు.

కాసేపటికి అందరూ దిగి వచ్చారు. పట్టాభిరామయ్యగారు ముందు, తేజస్విని వెనక. ఆమె హేమంత్‌కు బారెడు దూరంలోనే ఆగిపోయి రెండు చేతులూ జోడించింది.

"స్వామి శరణం."

"ఇదేంటి తేజూ?"

"బాబాయిగారు అంతా చెప్పారు స్వామీ. ఎంత కఠినమైన దీక్షలో ఉన్నారో, కాలనీలో మిమ్మల్ని ఎంత గౌరవంగా చూస్తారో. నాకు తెలియక కొండ మీద అదీ ఇదీ చెప్పమన్నాను. క్షమించండి."

పక్కనే పట్టాభిరామయ్యగారు కన్నెస్వామిని చూసుకుని మురిసిపోతున్నాడు. హేమంత్ ఆ ముఖం చూశాడు, ఈ ముఖం చూశాడు. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, పిల్ల దక్కదు. వచ్చే ఆదివారం కర్నూల్లో ఎవడో వచ్చి జంతికలు కొరుకుతూ ఈమెను చూస్తాడు. ఆ ఊహ భరించలేకపోయాడు.

"బాబాయిగారూ, నేను మాల వేసుకోలేదండీ."

చొక్కాలోంచి నల్లతాడు లాగి విజిలు చూపించాడు. రామన్న దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నమ్మకం కోసం ఒకసారి ఊదాడు. ఇంకా పైనే ఉన్న సురేంద్ర పరుగున దిగొచ్చాడు.

"ఎవరు? ఎవరు దారి తప్పింది?"

"మా కన్నెస్వామి" అన్నాడు రామన్న.

పట్టాభిరామయ్యగారు రాయి మీద కూర్చుండిపోయాడు. ఆయన గొంతులో కోపం లేదు, అదే హేమంత్‌ను ఎక్కువ కోసింది. "నా చేత్తో వడ్డించానయ్యా నీకు. నీ కాళ్ళకు దండం పెట్టాను."

"తప్పయిపోయిందండీ. మొదటిరోజే చెప్పబోయాను. తిండికి ఆశపడ్డాను." హేమంత్ కళ్ళు నిజంగానే తడిశాయి.

తేజస్విని మాత్రం ఠపీమని నుదురు కొట్టుకుంది. "అయ్యో దేవుడా! ఇప్పుడెందుకు చెప్పావు? పైన నేను బాబాయిగారితో పెళ్ళిచూపుల సంగతి చెప్పేశాను. నీ సంగతీ చెప్పేశాను. మా నాన్న ఏటా మాల వేసుకుంటారు, ఆయనకు గురుస్వామి మాటంటే వేదం. ‘కుర్రవాడు బంగారం, శబరిమల నుంచి వచ్చాక నేనే కర్నూలు వచ్చి మీ నాన్నగారితో మాట్లాడతానమ్మా’ అని ఈయన మాటిచ్చి ఎంతసేపయిందని! దీక్ష అయ్యేదాకా నీతో ఈ మాట ఎత్తొద్దన్నారనే దండం పెట్టి ఊరుకున్నాను. అప్పుడే బంగారం కాస్తా ఇత్తడి చేసుకున్నావు!"

అబద్ధం ఎక్కించినంత ఎత్తుకు ఎక్కించి, నిజం చెప్పగానే కింద పడేసింది. ఇదెక్కడి న్యాయమో హేమంత్‌కు అర్థం కాలేదు.

"జర ఇనుండ్రి గురుస్వామీ" అన్నాడు రామన్న. "పోరడు చన్నీళ్ళు వోసుకున్నడు, కింద పండుకున్నడు, బీడీ ముట్టలే. అన్నీ చేసిండు, మాల ఒక్కటే తక్కువైంది. గదేదో ఇప్పుడెయ్యుండ్రి, పరేషాన్ ఎందుకు?"

పట్టాభిరామయ్యగారు గడ్డం నిమురుకున్నాడు. "ఏమయ్యా, నిజంగా వేసుకుంటావా?"

"వేసుకుంటానండీ. ఒట్టు."

"రేపు పొద్దున గుళ్ళో వేస్తాను. సరిగ్గా మకరజ్యోతికి మండలం నిండుతుంది. గడిచిన రోజులు లెక్కలోకి రావు. ఎవరింట్లోనూ భిక్ష లేదు, నీ వంట నువ్వే వండుకోవాలి. కొండకు వెళ్ళి వచ్చేదాకా పెళ్ళి మాట, ప్రేమ మాట నీ నోట రాకూడదు. అప్పుడు వస్తాను కర్నూలు."

"మరి వచ్చే ఆదివారం..." అని హేమంత్ తేజస్విని వంక దీనంగా చూశాడు.

"నాన్నతో నేను చెప్పుకుంటా. ఒక స్వామి కొండ దిగేదాకా ఆగమంటే ఆయన కాదనరు" అంది తేజస్విని. ఆమె పెదవుల చివర నవ్వు దాగలేదు.

హేమంత్‌కు ప్రాణం లేచొచ్చింది. గొంతు తగ్గించాడు. "మాల రేపు కదా. ఇవాళ్టికి ఇంకా పరవాలేదు. ఆ మాటేదో ఇప్పుడే చెప్పేస్తే?"

"పైన చెప్పమన్నాను. ఇది సగమే" అని తేజస్విని చకచకా దిగిపోయింది.

ఒక్క మాట చెప్పడానికి సగం గుట్ట ఎక్కిన మనిషి, ఆ మాటే చెప్పడానికి ఇప్పుడు కేరళలో ఇంకో కొండ పూర్తిగా ఎక్కాలి.